రెండుంపావు మీటర్ల నూలు గుడ్డతో ఎండకాలం జుబ్బా

మా క్వార్టర్ కాజీపేటలో, పై అంతస్తు. మే నెలలో పొద్దు మునిగాక కూడా స్లాబు వేడి దిగదు. రాత్రి 11 గంటలకు గోడ మీద చెయ్యి పెడితే రొట్టెలు కాల్చిన పెంక మీద పెట్టినట్టే ఉంటుంది. అలాంటి గదిలో నాలుగు ఎండకాలాలు మెరిసే రెడీమేడ్ నైటీలు వేసుకుని, వీపు నిండా చెమటకాయలతో గడిపాను. ఐదో ఏడు మా అవ్వ ములుగు దిక్కు నుంచి వచ్చి నా వీపు చూసింది. "గిదేం బట్టనే బిడ్డా, కవర్ చుట్టుకున్నట్టున్నది" అని, తన పాత నేత చీర ఒకటి చింపి, సాయంత్రానికల్లా చేతికుట్టుతోనే నాకు ఒక జుబ్బా కుట్టిచ్చింది. ఆ రాత్రి తెల్లారేదాకా లేవలేదు నేను. అప్పటి నుంచి మా ఇంట్లో ఎండకాలం బట్టలు నేనే కుడుతున్నాను. నాకు, మా ఆయనకు, పిల్లగానికి, మా అత్తమ్మకు.

మొదట ఒక మాట. బ్లౌజు కుట్టడం వచ్చినవాళ్లకు ఈ జుబ్బా దగ్గర చెయ్యి ఆగుతుంది. డాట్లు ఉండవు, చంక గుండ్రం ఉండదు, నడుము దగ్గర లోపలికి పోదు. అన్నీ నిలువు అడ్డం ముక్కలే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఆరాలంటే గుడ్డకూ ఒంటికీ నడుమ గాలి ఆడాలి. ఒకసారి మంచి కాటన్ గుడ్డ కొని ఒక టైలర్‌కు ఇచ్చాను. "ఫిట్టింగ్ చూడండి మేడం, ఎంత మంచిగొచ్చిందో" అన్నాడు. నిజమే, ఒంటికి అచ్చం అతుక్కుంది. రెండు రోజులు వేసుకుని పక్కన పెట్టాను. గుడ్డ మంచిదైతే సరిపోదు, కోత కూడా గాలికి దారి ఇవ్వాలి.

గుడ్డ సంగతి కొంచెం ఎక్కువే చెప్తాను, పని సగం చెడేది అక్కడే. షాపులో "ప్యూర్ కాటన్ అక్కా" అంటారు. నమ్మడం, నమ్మకపోవడం కాదు, అంచు నుంచి నాలుగు దారాలు లాగి ఇంటికి తెచ్చుకోండి. పళ్లెంలో నీళ్లు పోసి, దారాలను చిమటాతో పట్టుకుని దాని పైన కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టరైతే ముడుచుకుని కరుగుతుంది, చివర నల్లటి గట్టి పూస మిగులుతుంది. రెండూ కలిస్తే కాగితం వాసనా వస్తుంది, గరుకు పూసా తగులుతుంది. నిలువు దారం వేరే, అడ్డం దారం వేరే కాల్చండి, ఎందుకంటే ఒకటి నూలు పెట్టి ఇంకోటి పాలిస్టర్ పెట్టి నేసిన గుడ్డలు ఉంటాయి. ఈ పరీక్ష నాకు మా తాత చూపించాడు. ఆయన వరంగల్ ఆజంజాహీ మిల్లులో పనిచేసిన మనిషి. 1934లో పెట్టిన ఆ మిల్లు మూతబడి ఎన్నో ఏళ్లయినా, ఎవరింటికి పోయినా వాళ్ల తువ్వాల అంచు వేళ్లతో మెలిపి చూసే అలవాటు ఆయనకు చివరిదాకా పోలేదు.

ఊరి పేరు చూసి కూడా కొనొద్దు. సిరిసిల్ల మరమగ్గాల మీద పాలిస్టరూ వస్తుంది, లంగాలకు వాడే నూలు గుడ్డా వస్తుంది. ఆ లంగా గుడ్డ తెల్లదో లేత రంగుదో తీసుకుంటే ఇంట్లో వేసుకునే పైజామాకు చవకలో పనికొస్తుంది. జుబ్బాకు మాత్రం నా ఓటు మెట్‌పల్లి ఖాదీకి, పలుచటి రకానికి. చేత్తో వడికిన దారం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక చెమట పట్టినా ఒంటికి పలకలాగా అంటుకోదు. మల్‌మల్ అనే మెత్తటి పలుచటి నూలు గుడ్డ ఇంకా హాయి, కానీ కత్తెర కింద జారుతుంది, మొదటి జుబ్బాకు వద్దు. పాప్లిన్ కుట్టడానికి సులువే కానీ నేత దట్టం. గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి చుక్కల్లా వెలుగు కనబడాలి. బయట ఎండలో తిరిగేవాళ్లు తెలుపు, లేత రంగులు తీసుకోండి. ఇంట్లో నీడపట్టునే ఉండేవాళ్లకు రంగుతో అంత పట్టింపు లేదు.

డబ్బు ఖర్చు పెట్టకుండా కుట్టాలంటే పాత నేత చీరను మించింది లేదు. ఎన్నో ఉతుకులు పడింది కాబట్టి ఇక కుంచించుకుపోదు, మెత్తగా కూడా ఉంటుంది. కిటికీకి అడ్డంగా పట్టి, నీరసించిన చోట్ల సుద్దతో గీతలు పెట్టుకుని, గట్టిగా ఉన్న భాగంలోంచే కత్తిరించండి. సిద్దిపేట గొల్లభామ చీర అయితే ఎంత పాతదైనా ఆ బొమ్మలున్న భాగాన్ని కత్తెరకు ఇవ్వకండి. నేత మీద ఒక్కో బొమ్మ ఎక్కడానికి ఎంత పని పడుతుందో మగ్గం దగ్గర కూర్చుని చూసినవాళ్లకు తెలుసు.

కొత్త గుడ్డయితే కోసే ముందు తడపాలి. రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండకుండా నీడలో ఆరేసి, కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ చేయండి. నేను 36 అంగుళాల పన్నా, అంటే వెడల్పు, ఉన్న గుడ్డ 2.25 మీటర్లు తీసుకుంటాను. అంటే 88 అంగుళాల పైన. తడిపాక నాలుగైదు అంగుళాలు పోయినా మనకు కావలసింది 79 అంగుళాలే. ఒకసారి తొందరపడి తడపకుండా కోస్తే, మొదటి ఉతుకుకే మా ఆయన జుబ్బా మా పిల్లగానికి పోయింది. మల్‌మల్ కుట్టే రోజు వచ్చినప్పుడు, ఆరేసే ముందు పలుచటి గంజిలో ముంచండి. కాగితంలా నిలబడి కత్తెరకు లొంగుతుంది, కుట్టు అయ్యాక ఉతికితే గంజి పోతుంది.

ఇక కొలతలు. ఛాతీ చుట్టుకొలతకు 10 అంగుళాలు కలపండి, సగం చేయండి, కుట్లకు 1 అంగుళం కలపండి. ఛాతీ 38 అయితే 48, సగం 24, కుట్టుతో 25. ఒంటి ముక్క వెడల్పు అది. పిరుదుల కొలత ఛాతీ కంటే చాలా ఎక్కువుంటే దాంతోనే లెక్క కట్టండి. 10 అంగుళాల వదులు ఎక్కువ అనిపిస్తుంది, తగ్గించాలని చెయ్యి లాగుతుంది. తగ్గించకండి.

పొడవు 38 అంగుళాలు కావాలంటే ముందూ వెనకా కలిపి 76, కింద మడతలకు 3, మొత్తం 79. ముందూ వెనకా ఒకటే ముక్క, భుజం దగ్గర కోయకుండా మడతే ఉంచాలి. 36 పన్నాలో 25 పోగా పక్కన 10, 11 అంగుళాల పట్టీ నిలువునా మిగులుతుంది. అందులోంచే 19 అంగుళాల పొడవు ముక్కలు రెండు చేతులకు, 5 అంగుళాల చదరం ముక్కలు రెండు చంకలకు తీయండి. ఇంకా 30 అంగుళాలదాకా మిగిలే పట్టీలో జేబూ, మెడకు క్రాస్ పట్టీలూ వస్తాయి.

మెడ దగ్గర పిసినారితనం మంచిది. ముక్కను నిలువుగానూ అడ్డంగానూ మడిచి నడుమ గుర్తు పెట్టి, అటు 2.75, ఇటు 2.75 అంగుళాలు, వెనక లోతు 1, ముందు లోతు 4 మాత్రమే గీయండి. కోసి తల దూర్చి చూడండి. చాలకపోతే ముందు నడుమ 4 అంగుళాల చీలిక ఇవ్వండి. కోసిన మెడను పెంచొచ్చు గానీ తగ్గించలేం, పైగా పట్టీ కుట్టాక ఇంకో పావు అంగుళం పెరుగుతుంది. పట్టీ మాత్రం మూలగా, ఏటవాలుగా కోసిందే కావాలి, అంగుళంపావు వెడల్పు. నిలువు పట్టీ వేస్తే మెడ వంపు దగ్గర గుడ్డ ముడతలు పడి అక్కడే చెమట నిలుస్తుంది.

మిషన్ సూది ఖాదీకి 14 నంబరు, మల్‌మల్‌కు 11. కొత్త సూదే వేయండి, మొద్దు సూది పలుచటి గుడ్డ దారాలను లాగేస్తుంది. కుట్టే గుడ్డ పీలిక మీద నాలుగు వరసలు కుట్టి చూసుకున్నాకే అసలు ముక్క ముట్టుకోవాలి. నాది కాలు మిషన్, కరెంటు పోయినా ఆగదు. పొద్దున 5 నుంచి 8 లోపే కుడతాను.

మెడ పూర్తిచేశాక చేతులు అతకండి. చేయి ముక్క 19 అంగుళాల వైపు నడిమి గుర్తును భుజం మడత మీద పెట్టి, ఆ వైపును ఒంటి అంచుకు కుట్టాలి. రెండు చివర్లలో అర అంగుళం వదిలేయాలి. ఆ వదిలిన చోటే చంక ముక్క వచ్చి కూర్చుంటుంది. చదరం ముక్కకు నాలుగు పక్కలు కదా, రెండు పక్కలు చేయికి, ముందొకటి వెనకొకటి. మిగతా రెండు ఒంటికి, అదే తీరుగా. ప్రతి మూల దగ్గరా అర అంగుళం ముందే సూది ఆపి దారం ముడి వేయండి, లేకపోతే మూల లాగుతుంది. మొదటిసారి, తర్వాత విప్పేసే కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని, చెయ్యి పైకెత్తి చూసుకోండి. ఒంటి గుడ్డ పైకి రాకుండా చెయ్యి లేస్తే ముక్క సరిగ్గా కూర్చున్నట్టు. టైలర్లు ఇప్పుడు ఈ చంక ముక్క వదిలేస్తున్నారు, నాకు బాధనిపిస్తుంది. ఎండకాలం బట్ట మొదట పట్టేసేది, చినిగేది చంకలోనే, ఆ 5 అంగుళాల పీలిక రెండు బాధలూ తీరుస్తుంది.

తర్వాత చేయి కింది నుంచి చంక దాకా, చంక నుంచి పక్కల మీదుగా కిందికి. కింద 10 అంగుళాలు చీలిక వదలండి. దారాలు ఊడకుండా లోపలి అంచులకు ఇంటర్‌లాక్ చేయించను నేను. చెమట ఒంటికి ఆ గరుకు దారం గుచ్చుకుంటుంది. దాని బదులు, కుట్టాక ఒక అంచును సగానికి కత్తిరించి, రెండోదాన్ని దాని మీదికి మడిచి, గోటితో రుద్ది, పైనుంచి ఇంకో కుట్టు వేస్తాను. చేయి లోపల ఇరుకు, మిషన్ పోదు, అక్కడ చేత్తో హెమ్మింగ్. కింద మడతా, చీలికల మడతా మామూలే.

పైజామాకు లెక్కలతో తల పగలగొట్టుకోవద్దు. హాయిగా ఉండే పాత పైజామా కుట్లు విప్పి, దాన్నే కొత్త గుడ్డ మీద పరిచి కోయండి. నడుముకు ఎలాస్టిక్ బదులు నాడా పెట్టండి, ఎలాస్టిక్ కిందే చెమటకాయలు మొదలవుతాయి.

మా అత్తమ్మకు భుజం నొప్పి, తల మీదుగా తొడుక్కోలేదు. "ఎందుకే అంత పని, చీరనే నయం" అన్నది మొదట. ఆమెకు ముందు నడుమ నిలువునా కోసి, రెండు వైపులా 2 అంగుళాల పట్టీ వేసి, కాజాలు కాకుండా టిచ్ బటన్లు పెట్టాను, వేళ్లతో నొక్కితే చాలు. పట్టీకి మిగులు గుడ్డ చాలదు, ఇలా కుట్టాలంటే పావు మీటరు ఎక్కువ తీసుకోండి. ఇప్పుడు పొద్దున స్నానం కాగానే "నా అంగి ఆరిందా?" అని అడుగుతుంది.

మిగిలిన పీలికల్లో పెద్దదాన్ని పారేయకండి. రెండు పొరలు చేసి అంచు కుట్టి, మంచినీళ్ల రంజన్ కుండ మూతికి వాసెనగా కట్టండి.