నేపాల్లో ఇళ్లు కట్టే పనికి వాలంటీరుగా పోవాలంటే

బయట దేశంలో పేదోళ్ల ఇళ్లు కట్టే కాడ చెయ్యి వేద్దాం అనుకునే మన తిరుపతి, చిత్తూరు పిల్లలకి నేను ముందు చెప్పేది నేపాలే. వీసా అక్కర్లేదు, మన 100 రూపాయలకి వాళ్లవి 160 అని ఫిక్స్ అయి ఉంది, తిండి కూడా రెండు పూటలా పప్పూ అన్నమే. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 భూకంపంలో ఆడ లక్షల ఇళ్లు పడిపోయినాయి, 2023 నవంబర్లో జాజర్‌కోట్ వైపు మళ్లీ వచ్చింది.

ఓటరు కార్డు ఒరిజినల్ ఉంటే పోవచ్చు, ఆధార్ నమ్ముకుని మాత్రం బయల్దేరొద్దు, 15 నుంచి 65 ఏళ్ల వాళ్లకి అది చెల్లదు. ఎట్లా అయినా పాస్‌పోర్టు తీసుకోవడం మేలు, తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది, 36 పేజీలది నార్మల్‌లో 1500. వేరే దేశానికైతే టూరిస్టు వీసా మీద వాలంటీరు పని చెయ్యొచ్చో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. టీటీ ఇంజెక్షన్, ఇన్సూరెన్స్ తప్పనిసరి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, కొండచరియలు పడతాయి, దసరాకి వాళ్లు అందరూ ఊళ్లకి పోతారు, ఆ రోజులు వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యం ఏ సంస్థతో పోతున్నాం అనేది. ఫీజు ఎంత అని కాదు, ఆ ఫీజులో ఊరి మేస్త్రీకి కూలి ఎంత పోతుంది అని అడగండి. ఇల్లు ఎవరి పేరు మీద ఉంటుంది, డిజైన్ ఎవరు చూశారు, మనం వచ్చేశాక పని ఎవరు పూర్తి చేస్తారు, ఇవీ అడగండి. సూటిగా చెప్పకపోతే పోవద్దు. మనం ఫ్రీగా చేస్తున్నాం అని ఊరి కూలోడి పని పోతే అది సాయం ఎట్లా అవుతుంది చెప్పండి.

సైట్లో మనకి ఇచ్చేది చేతికింద పనే. ఇసక జల్లించడం, ఇటుకలు నీళ్లల్లో నానబెట్టి అందించడం, మాలు కలపడం, కట్టిన గోడకి నీళ్లు పట్టడం. నానని ఇటుక మాలులో నీళ్లన్నీ పీల్చేస్తుంది, జాయింటు బలం రాదు, అందుకే బుడగలు ఆగేదాకా ఉంచి తియ్యాలి. గోడ నిలువుగా లేస్తుందా అని గుండు వేలాడదీసి ఒక కన్ను మూసి చూసే మేస్త్రీని గమనించండి, మన బేల్దారి అన్నలు చేసేదే అది. తేడా ఏందంటే ఆడ పునాది మీద, కిటికీ కింద, లింటెల్ దగ్గర, పైకప్పు కింద గోడ చుట్టూతా బ్యాండు, అంటే గోడలన్నిటినీ కలిపి పట్టే పట్టీ, తిప్పుతారు, మూలల్లో నిలువు కమ్మీలు దించుతారు, ఊగినప్పుడు గోడలు విడిపోకుండా. పెద్దవాళ్లని దాయ్, దీదీ అని పిలవండి, మన అన్నా అక్కా లాగే, ఇంటావిడ టీ ఇస్తే కూర్చుని తాగండి. శనివారం సెలవు.

ఇంకో సంగతి. 2015 తర్వాత నేపాల్ సర్కారు ఒక్కో ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతల్లో ఇచ్చింది, మన లెక్కలో సుమారు 1.87 లక్షలు. మన కాలనీ ఇళ్లకి ఇచ్చింది 1.80 లక్షలు. అంతే డబ్బు, అదే అప్పు, అదే అవస్థ. ఆడ ఇంటామె విడత డబ్బు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తుంటే నాకు మా చిత్తూరు వైపు సగం గోడలతో ఆగిపోయిన ఇళ్లు, 2021 నవంబర్ వానలకి స్వర్ణముఖి పొంగినప్పుడు నీళ్లల్లో మునిగినోళ్లు గుర్తొచ్చినారు. మనకీ ఒకప్పుడు బయటోళ్లు వచ్చినారు, 1934 బీహార్ భూకంపం తర్వాత స్విట్జర్లాండ్ నుంచి, వాలంటీరు శిబిరాలు మొదలుపెట్టిన పియర్ సెరెసోల్ వచ్చి ఊళ్లు కట్టే పనిలో నిలబడినాడు.

అందుకే తిరిగొచ్చినాక ఫోటోలు పెట్టేముందు మీ వీధిలో కట్టే ఇంటి దగ్గరికి పోండి. ఆడ పనిచేసే బేల్దారోళ్లకి భవన నిర్మాణ కార్మికుల వెల్ఫేర్ బోర్డు కార్డు ఉందేమో అడగండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు, పోయిన 12 నెలల్లో 90 రోజులు కట్టుబడి పని చేసి ఉంటే చాలు, నమోదు చేసుకోవచ్చు. చాలా మందికి ఇది తెలీదు, తెలిసినా పని మానుకుని లేబర్ ఆఫీసుకి పోతే ఆ రోజు కూలి పోతుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోటోలు, పనిచేసినట్టు కాగితం తీసుకుని మీరే ఒక పూట వాళ్ల వెంట పోండి, ఫారం నింపి పెట్టండి. అసంఘటిత కార్మికులకి కేంద్రం ఇచ్చే ఈశ్రమ్ కార్డు లేకుంటే అదీ అప్పుడే చేయించండి.