గోడోలో జంప్ కుదరాలంటే: ఎత్తు, సమయం, కాస్త దొంగలెక్క

గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకునేవాళ్లు ఇద్దరు కలిస్తే ముందు మొదలయ్యేది ఇంజిన్ల గొడవే. యూనిటీనా, అన్‌రియలా, గోడోనా? 2023 సెప్టెంబర్‌లో యూనిటీ ఇన్‌స్టాల్‌కింత అంటూ రన్‌టైమ్ ఫీజు ప్రకటించి, 2024 సెప్టెంబర్‌లో దాన్ని రద్దు చేసుకున్నాక ఆ గొడవ ఇంకాస్త ముదిరింది. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డుల కబుర్లు, రే ట్రేసింగ్, ఏఐ. అవన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ముందు తెర మీద ఒక ఉత్త చతురస్రం పెట్టి, దాన్ని ఎగిరించి చూడండి. అందులో మజా లేకపోతే దాని మీద ఎంత అందమైన బొమ్మ అంటించినా గేమ్ బాగుపడదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ను జనం ఇప్పటికీ ఆడుతున్నారంటే రిజల్యూషన్ చూసి కాదు.

ఇక్కడ చెప్పేది గోడో 4లో 2డీ ప్లాట్‌ఫార్మర్ (మారియోలా గుంతలు, గట్లు ఎగిరి దాటే గేమ్) జంప్ గురించి. గోడో ఉచితం, ఎంఐటీ లైసెన్సు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. లెక్కలు మాత్రం ఏ ఇంజిన్‌లోనైనా ఇవే.

ప్రాజెక్టు పెట్టుకోవడం

కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) ఏది కావాలో అడుగుతుంది. 2డీ గేమ్‌కి, అందులోనూ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌కి, కంపాటిబిలిటీ ఎంచుకోండి. అది ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది. మిగతా రెండిటికీ వల్కన్ లాంటి కొత్త డ్రైవర్లు కావాలి, పాత మెషీన్లలో అక్కడే ఆగిపోతుంది.

ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో వ్యూపోర్ట్ (గేమ్ గీసే అసలు తెర) సైజు 320×180, విండో సైజు ఓవర్‌రైడ్ 1280×720, స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్, టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్. టైల్ (లెవెల్‌ను పేర్చే చతురస్రపు ముక్క) 16 పిక్సెళ్లు. క్యారెక్టర్‌బాడీ2డీ నోడ్ (గోడోలో గేమ్‌ను కట్టే ముక్కను నోడ్ అంటారు) కింద ఒక స్ప్రైట్ (బొమ్మ), ఒక కొలిజన్ షేప్ (దేనికైనా తగిలిందా అని చూసే ఆకారం) చాలు. 16×16 బొమ్మకి కొలిజన్ షేప్ 10×14 దీర్ఘచతురస్రంగా పెట్టండి. క్యాప్సూల్ పెడితే కింది గుండ్రం వల్ల టైల్ అంచు మీద నిలబడ్డప్పుడు బొమ్మ మెల్లగా జారిపోతుంది. జంప్‌లో లోపం ఉందనుకుని గంటలు వెతుకుతారు, తప్పు మాత్రం షేప్‌లో ఉంటుంది.

అంకెలు ఊహించకండి, లెక్క కట్టండి

గోడో ఇచ్చే రెడీమేడ్ స్క్రిప్ట్‌లో గ్రావిటీ 980, జంప్ వేగం మైనస్ 400. (వై అక్షం కిందికి పెరుగుతుంది, అందుకే పైకి పోవడానికి మైనస్.) ఆ అంకెలతో బొమ్మ సుమారు 82 పిక్సెళ్లు ఎగిరి, గాల్లో 0.8 సెకన్లకు పైగా ఉంటుంది. చిన్న గేమ్‌లో ఇది బెలూన్ ఎగిరినట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడ ఒక అంకె పెంచి, ఇంకోటి తగ్గించి, మళ్లీ మొదటిది పెంచి, సాయంత్రం దాకా అదే పనిలో ఉంటారు. గ్రావిటీ మారిస్తే ఎత్తూ సమయమూ రెండూ మారతాయి, వేగం మారిస్తే మళ్లీ రెండూ మారతాయి. అందుకే ఆ పద్ధతిలో ఎప్పటికీ తెగదు.

తిరగేసి ఆలోచించండి. ఎంత ఎత్తు ఎగరాలి, ఎంతసేపట్లో పైకి చేరాలి అన్నవి మీరు నిర్ణయించుకోండి. గ్రావిటీ అంటే ఎత్తుకు రెట్టింపును సమయం వర్గంతో భాగించాలి. జంప్ వేగం అంటే ఎత్తుకు రెట్టింపును సమయంతో భాగించాలి.

నాలుగున్నర టైళ్ల ఎత్తు, అంటే 72 పిక్సెళ్లు. పైకి చేరడానికి 0.4 సెకన్లు. 144ను 0.16తో భాగిస్తే గ్రావిటీ 900. 144ను 0.4తో భాగిస్తే వేగం 360. దిగేటప్పుడు ఇంకా త్వరగా దిగాలి, 0.3 సెకన్లు అనుకుందాం. 144ను 0.09తో భాగిస్తే 1600. వై వేగం సున్నా కన్నా తక్కువ ఉన్నంతసేపు 900, సున్నా దాటాక 1600 వాడండి. నిజజీవితంలో గ్రావిటీ ఇలా మారదు కదా అంటే, మారదు. కానీ ఎక్కే వేగంతోనే దిగితే ఆడేవాళ్లకు బొమ్మ బరువు లేనట్టు అనిపిస్తుంది.

అడ్డంగా వేగం సెకనుకు 140 పిక్సెళ్లయితే, గాల్లో ఉండే 0.7 సెకన్లలో 98 పిక్సెళ్లు పోతుంది, ఆరు టైళ్లకు కాస్త ఎక్కువ. కాబట్టి మీ లెవెల్లో మామూలు గుంత నాలుగు టైళ్లు, కష్టమైనది ఐదు. లెవెల్ గీయడానికి ముందే ఈ అంకె తేలిపోవాలి. లెవెల్ అంతా గీశాక జంప్ మార్చారా, ప్రతి గుంతా మళ్లీ కొలుచుకోవాలి.

పడే వేగానికి ఒక పరిమితి పెట్టండి. పై లెక్కలో నేలను తాకేసరికి వేగం 480 ఉంటుంది, పరిమితి 500 సరిపోతుంది. 300 పెడితే మీరు లెక్కగట్టిన 0.3 సెకన్లు తప్పుతుంది.

ఇంకో సూక్ష్మం ఉంది. ఫిజిక్స్, అంటే ఇంజిన్ చేసే కదలిక లెక్క, సెకనుకు 60 సార్లు నడుస్తుంది (ఆ ఒక్కోసారినీ ఇక్కడ ఫ్రేము అంటాను), లెక్క మాత్రం ఎడతెగని కాలానికి కట్టింది. గ్రావిటీ కలిపాక జంప్ వేగం ఇస్తే (రెడీమేడ్ స్క్రిప్ట్‌లో ఇదే వరుస) బొమ్మ 72 బదులు 75 పిక్సెళ్లు ఎగురుతుంది. జంప్ వేగం ఇచ్చాక అదే ఫ్రేములో గ్రావిటీ కూడా కలిపితే 69 దగ్గర ఆగిపోతుంది. రెండు లైన్లు అటూఇటూ అయితే ఆరు పిక్సెళ్ల తేడా. ఏ వరుసైనా పర్లేదు, ఒకసారి పెట్టుకున్నాక మార్చకండి.

ఆడేవాళ్ల పక్షాన దొంగలెక్క

లెక్క ప్రకారం అంతా సరిగ్గా ఉన్నా, ఆడేవాళ్లు "నొక్కాను, ఎగరలేదు" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అంచు దాటిన రెండు ఫ్రేములకు నొక్కారు, లేదా నేలను తాకడానికి మూడు ఫ్రేముల ముందు నొక్కారు. కంప్యూటర్ దృష్టిలో అది తప్పు, మనిషి దృష్టిలో సరైన సమయమే. ఇక్కడ మనిషి మాటే చెల్లాలి. దానికి రెండు టైమర్లు కావాలి.

ఒకటి కొయోటీ టైమ్. అంచు దాటాక కూడా 0.1 సెకను, అంటే ఆరు ఫ్రేముల పాటు, జంప్ ఒప్పుకుంటుంది. రెండోది జంప్ బఫర్. నేల తాకడానికి 0.1 సెకను ముందు నొక్కినా గుర్తుపెట్టుకుని, తాకగానే ఎగిరిస్తుంది. సెలెస్ట్ గేమ్ చేసినవాళ్లు తమ ప్లేయర్ కోడ్‌ను బయటపెట్టారు. అందులోనూ అంచు దాటాక ఇచ్చే గడువు 0.1 సెకనే.

ఫిజిక్స్ ప్రాసెస్ ఫంక్షన్‌లో వరుస ఇలా ఉండాలి:

1. రెండు టైమర్లలోంచీ డెల్టా (గత ఫ్రేము నుంచి గడిచిన సమయం) తీసేయండి.
2. నేల మీద ఉంటే కొయోటీ టైమర్ 0.1.
3. జంప్ బటన్ ఈ ఫ్రేములోనే నొక్కితే బఫర్ టైమర్ 0.1.
4. నేల మీద లేకపోతే గ్రావిటీ కలపండి, పడే వేగానికి పరిమితి వేయండి.
5. రెండు టైమర్లూ సున్నా కన్నా ఎక్కువ ఉంటే వై వేగం మైనస్ 360. వెంటనే రెండు టైమర్లూ సున్నా.
6. పైకి పోతుండగా బటన్ వదిలితే వేగం సగానికి కోత.
7. అడ్డం వేగం, చివర్లో మూవ్ అండ్ స్లైడ్ (వేగం ప్రకారం బొమ్మను కదిపే ఫంక్షన్).

రెండో మెట్టు ఐదో దాని తర్వాతికి పోతే కొత్త తలనొప్పి. మూవ్ అండ్ స్లైడ్ మళ్లీ నడిచేదాకా "నేల మీద ఉన్నాడు" అన్న పాత సమాధానమే వస్తుంది. దాంతో ఎగిరిన ఫ్రేములోనే టైమర్ మళ్లీ 0.1 అయి, గాల్లో రెండో జంప్ దొరుకుతుంది. బటన్‌ను టపటపా నొక్కేవాళ్లకే ఇది కనిపిస్తుంది, మెల్లగా ఆడి చూస్తే దొరకదు.

ఆరో మెట్టులో మూడు చిక్కులున్నాయి. మొదటిది, కోత బటన్ వదిలిన ఆ ఒక్క ఫ్రేములోనే జరగాలి. "బటన్ నొక్కి లేకపోతే" అని రాస్తే ప్రతి ఫ్రేములోనూ సగం, సగంలో సగం అయి బొమ్మ పైకప్పు తగిలినట్టు ఆగిపోతుంది. రెండోది, స్ప్రింగ్ మీద పడి ఎగిరినప్పుడు కూడా వేగం పైకే ఉంటుంది. ఆ సమయంలో బటన్ వదిలితే స్ప్రింగ్ ఎత్తు కూడా తెగుతుంది. అందుకే ఇది బటన్‌తో వేసిన జంపేనా అని ఒక వేరియబుల్‌లో దాచి, అది నిజమైతేనే కోయండి. మూడోది బఫర్‌తో వస్తుంది. గాల్లో ఉండగా నొక్కి, నేల తాకకముందే వదిలేస్తే, వదిలిన క్షణం దాటిపోయింది కాబట్టి కోత జరగదు, చిన్న జంప్ అడిగితే పెద్ద జంప్ వస్తుంది. ఐదో మెట్టులోనే బటన్ ఇంకా నొక్కి ఉందా చూసి, లేకపోతే అక్కడే సగం వేగం ఇవ్వండి.

కొయోటీ టైమ్ వల్ల అదనంగా 14 పిక్సెళ్లు, దాదాపు ఒక టైల్, కలిసొస్తుంది. దాన్ని నమ్ముకుని గుంతలు వెడల్పు చేయకండి. అది పొరపాటుకు ఇచ్చే వెసులుబాటు. లెవెల్ దాటడానికే అది అవసరమైతే వెసులుబాటు లేనట్టే లెక్క.

మిగిలిన రెండు దొంగలెక్కలూ చిన్నవి. శిఖరం దగ్గర, వై వేగం (మైనస్ గుర్తు వదిలేసి చూస్తే) 50 కన్నా తక్కువ ఉండి బటన్ నొక్కే ఉంటే గ్రావిటీని సగం చేయండి. గాల్లో గురి చూసుకునే వీలు దొరుకుతుంది, ఎత్తు పిక్సెలున్నర లోపే పెరుగుతుంది. ఇక తల టైల్ మూలకు తగిలినప్పుడు, టెస్ట్ మూవ్ ఫంక్షన్‌తో ఎడమకో కుడికో 1 నుంచి 4 పిక్సెళ్ల దాకా జరిపి చూసి, దారి ఉంటే అక్కడికి నెట్టేయండి. ఎవరూ గమనించరు, లేకపోతే మాత్రం అందరూ తిట్టుకుంటారు.

ఎక్కడ చెడుతుంది

పాత పాఠాల వల్ల చెడేదే ఎక్కువ. యూట్యూబ్ పాఠం గానీ, చాట్‌బాట్ రాసిన కోడ్ గానీ కైనెమాటిక్‌బాడీ2డీ అంటే అది గోడో 3 కాలం నాటిది. 4లో ఆ పేరే లేదు. మూవ్ అండ్ స్లైడ్ బ్రాకెట్లలో వేగం, పై దిశ ఇచ్చినా అంతే, ఇప్పుడు అక్కడ ఏమీ ఇవ్వకూడదు. ఏఐతో కోడ్ రాయించుకోవడం తప్పని అనను. కానీ అది రెండు వెర్షన్లనూ ఒకే ఫైల్లో కలిపేస్తుంది, ఏది ఏ వెర్షన్‌దో తెలియనివాళ్లకు ఎర్రర్ చదవడం కూడా రాదు. ముందు ఒక్క జంప్ అయినా చేత్తో రాయండి.

బొమ్మ కదలీ కదలనట్టు ఉంటే, మీరు అడ్డం వేగాన్ని డెల్టాతో గుణించి ఉంటారు. మూవ్ అండ్ స్లైడ్ ఆ పని తనే చేసుకుంటుంది. డెల్టాతో గుణించాల్సింది గ్రావిటీని మాత్రమే.

144 హెర్ట్జ్ మానిటర్ మీద బొమ్మ వణికితే, ఫిజిక్స్ 60 సార్లే నడవడం కారణం. 4.3 నుంచి 2డీకి కూడా ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ (రెండు లెక్కల మధ్య స్థానాలను నింపడం) ఉంది, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి. టీవీకి కలిపి ఆడితే ముందు టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, లేకపోతే ఆలస్యం టీవీది, నింద మీ కోడ్‌ది అవుతుంది.

ఫోన్ మీద, ఇతరుల చేతుల్లో

మన దగ్గర మీ గేమ్‌ను మొదట ఆడేది ఫోన్‌లోనే. తెర మీద బాణాలకీ జంప్‌కీ మామూలు బటన్ నోడ్లు వాడకండి. అవి వేలి తాకిడిని మౌస్ క్లిక్‌గా చూస్తాయి, మౌస్ ఒక్కటే కాబట్టి కుడి బాణం పట్టుకుని జంప్ నొక్కితే రెండోది పనిచేయదు. టచ్‌స్క్రీన్‌బటన్ నోడ్ పెట్టి, దాని యాక్షన్ దగ్గర మీ ఇన్‌పుట్ మ్యాప్‌లోని పేరే ఇవ్వండి. కోడ్ మార్చక్కర్లేదు. బొటనవేలికి బటన్ అంచు తెలియదు కాబట్టి తాకే ప్రాంతాన్ని బొమ్మ కన్నా పెద్దదిగా పెట్టి, బఫర్‌ను 0.15కి పెంచండి.

బ్రౌజర్‌లో ఆడేలా లింకు పంపుతుంటే, "ఎగరడానికి ఇక్కడ నొక్కండి" అని తెలుగులో రాసిన చోట ఫాంట్ చూసుకోండి. గోడో 4 వత్తులు, గుణింతాలు సరిగ్గానే కూర్చుతుంది. అయితే వెబ్ బిల్డ్‌కు సిస్టమ్‌లోని ఫాంట్లు అందవు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఫైల్‌ను ప్రాజెక్టులోనే పెట్టకపోతే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి.

ఆడించేటప్పుడు పక్కన కూర్చుని "ఇప్పుడు నొక్కు" అని చెప్పకండి. బదులుగా బటన్ నొక్కిన ప్రతిసారీ మూడు సంగతులు అవుట్‌పుట్‌లో ప్రింట్ చేయించండి: అప్పుడు నేల మీద ఉన్నాడా, నేల వదిలి ఎంతసేపైంది, జంప్ వచ్చిందా. జంప్ రాని వరుసలన్నీ ఏరండి. 0.11, 0.12 లాంటివి గుంపుగా కనిపిస్తే కొయోటీ టైమ్ 0.13 చేయండి. 0.3, 0.4 కనిపిస్తే అది టైమర్ సంగతి కాదు, అంచు ఎక్కడుందో వాళ్లకు కనబడటం లేదు. అంచు టైల్ రంగు మార్చండి.