సంఘం ఆశయాలు మార్చాలంటే: రెండు సమావేశాలు, ఒక నెల ఎడం, ఆ తర్వాతే దరఖాస్తు

ఢిల్లీలో మా తెలుగువాళ్ళం నడుపుకునే ఒక చిన్న సంఘానికి కొన్నేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. ఉగాది, సంక్రాంతి, సాహిత్య సభలు, అంతే మా పని. పిల్లలకు తెలుగు బడి కూడా పెడదామని ఒకసారి అందరూ సరదాపడ్డారు. రిజిస్టరైన ఆశయాల్లో బడి ఊసే లేదు. దాన్ని చేర్చమని సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో కాగితాలు పెడితే ఫైలు వెనక్కి వచ్చింది. తప్పు మాదే. హాలు దొరికిందని రెండో సమావేశం 28వ రోజునే పెట్టేశాం. పైగా మినిట్స్‌లో (సభలో జరిగింది రాసే పుస్తకంలో) "కరతాళ ధ్వనుల మధ్య ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాశాం. ఎన్ని చేతులు లేచాయో ఎక్కడా లేదు.

ఏ చట్టం, ఏ మార్పు

ఢిల్లీ సంఘాలకు వర్తించేది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రిజిస్టరైన సంఘాలకు 2001లో వచ్చిన వేరే చట్టం ఉంది, వాళ్ళు దాన్నే చూసుకోవాలి. కింద రాసిందంతా 1860 చట్టం 12వ సెక్షన్ గురించే.

చందా పెంచడం, కార్యవర్గంలో ఇద్దర్ని పెంచడం లాంటివి ఈ సెక్షన్ కిందికి రావు. వాటికి మీ నియమావళిలో ఉన్న సవరణ నిబంధన చాలు. సంఘం ఎందుకు పుట్టిందో ఆ ఆశయాన్నే మార్చడం, పెంచడం, తగ్గించడం, లేదా ఇంకో సంఘంలో కలిసిపోవడం అయితే మాత్రం 12వ సెక్షన్ తప్పదు.

ప్రతిపాదన పంపడం

ముందు కార్యవర్గం ప్రతిపాదనను కాగితం మీద పెట్టాలి. ఇప్పుడున్న వాక్యం ఎడమవైపు, మార్చబోయే వాక్యం కుడివైపు, కింద నాలుగు ముక్కల్లో కారణం. ఇలా రాస్తే సభలో సగం గొడవ తగ్గుతుంది. దీన్ని ప్రత్యేక సమావేశానికి పది రోజుల ముందు ప్రతి సభ్యుడికీ చేతికివ్వాలి, లేదా పోస్టులో పంపాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అంటే కుదరదు, చట్టంలో ఉన్న మాట చేతికివ్వడం, పోస్టు చేయడం, ఈ రెండే. గ్రూపులోనూ పెట్టండి, కానీ దాన్ని నమ్ముకోకండి. చేతికిచ్చినవాళ్ళ చేత రిజిస్టర్‌లో సంతకం తీసుకోండి. స్పీడ్ పోస్ట్ రసీదులు వెంటనే ఏ4 కాగితాలకు అంటించి, పక్కన సభ్యత్వ నంబరు రాసుకోండి. ఆ రసీదుల మీద సిరా కొన్నాళ్ళకు వెలిసిపోవచ్చు కాబట్టి జిరాక్స్ కూడా తీసి ఉంచండి.

లెక్క ఇక్కడే తప్పుతుంది

మొదటి సమావేశంలో కావలసింది సభ్యుల్లో ఐదింట మూడు వంతుల ఓట్లు. వచ్చినవాళ్ళలో కాదు, సభ్యుల్లో. ఉదాహరణకు రిజిస్టర్‌లో 240 మంది ఉన్నారనుకుందాం. చందా మూడు నెలలకు మించి బాకీ ఉన్నవాళ్ళకు ఓటు లేదు, వాళ్ళను సభ్యుల లెక్కలో కూడా వేయరు అని 15వ సెక్షన్ చెబుతోంది. అలాంటివాళ్ళు 40 మంది ఉంటే మిగిలేది 200. అందులో ఐదింట మూడు వంతులంటే 120. సభకు 90 మంది వచ్చి, 90 మందీ చెయ్యెత్తినా ప్రతిపాదన నెగ్గినట్టు కాదు. మిగతా 30 ఓట్లు ప్రాక్సీల రూపంలో, అంటే రాలేని సభ్యులు తమ బదులు ఓటేయమని ఇంకొకరికి రాసిచ్చిన కాగితాల ద్వారా, రావాలి. మొదటి సమావేశానికి ప్రాక్సీలను చట్టమే ఒప్పుకుంటుంది. అందుకే నోటీసుతోపాటే ప్రాక్సీ ఫారం కూడా పంపేయండి. బకాయిల జాబితా కూడా నోటీసు పంపే ముందే తేల్చుకోవాలి. సభ రోజున తేలిస్తే "నన్ను కావాలనే తీసేశారు" అన్న మాట పడాల్సి వస్తుంది.

సభలో ఎవరో ఒకరు లేచి "బడితోపాటు వైద్య శిబిరాలు కూడా కలిపేద్దాం" అంటారు. మంచి ఆలోచనే, కానీ ఆ రోజు కలపకూడదు. రాని సభ్యుడికి పంపిన కాగితంలో ఆ మాట లేదు. దానికి మళ్ళీ నోటీసు, మళ్ళీ పది రోజులు.

రెండో ప్రత్యేక సమావేశం మొదటిదానికి నెల రోజుల ఎడంతో పెట్టాలి. నేనైతే 35 రోజులు వదులుతాను, అప్పుడు నెల అంటే 30 రోజులా 31 రోజులా అన్న తగువే రాదు. ఇందులో హాజరైనవాళ్ళలో ఐదింట మూడు వంతులు చాలు, ఇక్కడ ప్రాక్సీల ప్రస్తావన లేదు. ప్రతిపాదన అక్షరం మారకుండా అదే ఉండాలి. ఈ నెల రోజులూ అనవసరమైన కాలయాపన అని మా కమిటీలో చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం ఇది చట్టంలో అన్నిటికన్నా తెలివైన ముక్క అనిపించింది. మొదటి సభ ఊపులో చెయ్యెత్తిన ఇద్దరు ముగ్గురు ఇంటికెళ్ళి ఆలోచించుకుని, బడికి జీతాలు ఎవరిస్తారని రెండో సభలో నిలదీశారు. ఆ ప్రశ్న మాకు అవసరమే.

మినిట్స్ ఇలా ఉండాలి: "హాజరు 74. అనుకూలం 58. వ్యతిరేకం 11. తటస్థం 5. కావలసిన ఓట్లు 45. ప్రతిపాదన ధ్రువీకరించబడినది." 74లో ఐదింట మూడు వంతులు 44.4 వస్తుంది, పైకి సరిచేసి 45 వేసుకోవాలి.

రిజిస్ట్రార్ దగ్గర

సంఘం లెటర్‌హెడ్ మీద దరఖాస్తు, రెండు సమావేశాల నోటీసులు, పంపినట్టు రుజువులు, హాజరు పట్టికలు, ప్రాక్సీ ఫారాలు, మినిట్స్, ఓటు హక్కున్న సభ్యుల జాబితా, మార్చిన మెమొరాండం (సంఘం పేరు, ఆశయాలు రాసి ఉండే మూల పత్రం). మెమొరాండం ప్రతిని కార్యవర్గంలో కనీసం ముగ్గురు ధ్రువీకరించి ఇవ్వడం మంచిది. అధ్యక్షుడి పేరున అఫిడవిట్ అడిగే అవకాశం ఉంది. ఫీజు, ఫారం విషయం వెళ్ళే ముందు కౌంటర్‌లోనే కనుక్కోండి. ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గ జాబితా దాఖలు చేశారో లేదో కూడా ముందే చూసుకోండి. సర్వసభ్య సమావేశం తర్వాత 14 రోజుల్లో దాన్ని ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది. అది పెండింగ్‌లో ఉంటే, అసలు సంతకం పెట్టిన కమిటీ ఎవరన్న ప్రశ్న మొదలవుతుంది.

రశీదు తీసుకోకుండా బయటికి రావద్దు. మార్పు రికార్డుకెక్కాక ధ్రువీకరించిన నకలు తీసుకుని బ్యాంకులో ఒకటి ఇవ్వండి. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంఘమైతే ఆడిటర్‌ని రెండో సమావేశానికి ముందే కలవండి. ఆశయాలు మారితే పన్ను రిజిస్ట్రేషన్‌కూ మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు, దాని గడువు వేరే నడుస్తుంది.