టైరు మార్చారా? అయితే హిచ్ మళ్ళీ కొలవండి

మొన్న శనివారం మా పక్క కౌంటీలో ఒక పెద్దాయన సొంత పొలంలో ప్రాక్టీసు చేస్తుంటే ఫార్మాల్ ఎమ్ అనే పాత ట్రాక్టరు ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడింది. పక్కకు పడ్డాడు కాబట్టి తుంటి ఎముక విరగడంతో సరిపోయింది. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరుతో బరువు లాగే పోటీల్లో లాగుతున్న మనిషి. ఇంజను ముట్టుకోలేదు, గేర్లు మార్చలేదు. చలికాలంలో వెనక టైర్లు మార్చాడు, అంతే.

ఇక్కడ ఒహాయోలో కౌంటీ ఫెయిర్ల సీజన్ వచ్చేసింది. నాలాగే పక్కింటి రైతు పుణ్యమా అని ఈ పాత ట్రాక్టర్ల పిచ్చిలో పడ్డ తెలుగువాళ్ళు ఒకరిద్దరున్నారు. ఏ టైరు కొనమంటావన్నా అని ఫోన్ చేస్తుంటారు. ఒంగోలు గిత్తల బండలాగుడు చూసినవాళ్ళకు ఈ ఆట చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. ఇక్కడ బండకు బదులు ట్రాక్టరు గొలుసుతో లాగే స్లెడ్‌లో బరువు పెట్టె ఉంటుంది. బండి కదిలేకొద్దీ అది ముందుకు జరుగుతూ లాగడాన్ని బరువెక్కిస్తుంది. 300 అడుగులు లాగితే ఫుల్ పుల్. హెల్మెట్, కిల్ స్విచ్ లాంటివి రూల్‌బుక్‌లోనే ఉన్నాయి, అవి వదిలేస్తున్నా.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: టైరు మార్చిన రోజే హిచ్ ఎత్తు, అంటే ట్రాక్టరు వెనక గొలుసు తగిలించే చోటు నేలకు ఎంత ఎత్తులో ఉందో, కొలవండి.

13.6-38 టైరు తీసి అంతకంటే పెద్దదైన 16.9-38 వేశారనుకోండి. ఇరుసు సుమారు రెండు అంగుళాలు పైకి లేస్తుంది. దాంతోపాటే హిచ్ ఉండే వెనక కడ్డీ, డ్రాబారూ లేస్తుంది. చాలా క్లబ్బుల్లో హిచ్ ఎత్తుకు హద్దు 20 అంగుళాలు. పాత టైర్ల మీద సరిగ్గా 20కి పెట్టుకున్నది ఇప్పుడు 22 అయింది. గొలుసు మీద పడే లాగుడు ఎంతో, దాన్ని ఆ ఎత్తుతో గుణిస్తే ముందు చక్రాలను లేపే బలం వస్తుంది. రెండు అంగుళాలతో అది పదో వంతు పెరిగింది. పైగా కొత్త టైరు నేలను గట్టిగా పడుతుంది. అరిగిన టైరు లోడు ఎక్కువైతే జారేది, మీ ప్రాణానికి అదే ఫ్యూజు. జారని టైరు వేసి ఆ ఫ్యూజు మీరే పీకేశారు. చక్రం తిరగలేకపోతే ఇంజను బలమంతా ట్రాక్టరునే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ఇక ఆపలేని చోటికి చేరడానికి ముక్కాలు సెకను చాలు. క్లచ్ మీదికి కాలు వెళ్ళేలోపే అయిపోతుంది. 1939లో మొదలైన ఫార్మాల్ ఎమ్‌కి బండి తిరగబడినా మనిషి నలగకుండా కాపాడే రోల్ బార్ కంపెనీ ఇచ్చి పంపలేదు.

ఇంకోటి ఎవరూ గమనించరు. బండి వెనక్కి పడకుండా ఆపే వీలీ బార్లు కూడా అదే రెండు అంగుళాలు లేస్తాయి. వాటినీ దించాలి.

పోటీ రోజున ఇన్‌స్పెక్షన్‌లో టేపు పెట్టి పట్టుకుంటారు. రెండేళ్ళ కింద నన్నూ అలాగే లైన్లోంచి పక్కకు తోశారు. అప్పుడు ఒళ్ళు మండింది, ఇప్పుడు దండం పెడుతున్నా. ఇంటి దగ్గర ప్రాక్టీసులో టేపు పెట్టేవాళ్ళుండరు. నా కళ్ళముందు బండ్లు లేచింది ప్రాక్టీసులోనే.

చదునైన కాంక్రీటు మీద నిలబెట్టి, పోటీలో ఎంత గాలి పెడతారో అంతే పెట్టి, బరువులన్నీ తగిలించి, మనిషి సీట్లో కూర్చున్నాక కొలవాలి. గాలి మారితే హిచ్ ఎత్తూ మారుతుంది.

ఇక ఏ టైరంటారా, ముందు మీ క్లాసులో ఏ సైజు దాకా ఒప్పుకుంటారో చూడండి. తర్వాత మీ రిమ్ వెడల్పు. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు వేస్తే అది గుండ్రంగా ఉబ్బి మధ్యలోనే నేలను తాకుతుంది, డబ్బులు దండగ. టైరు మీది గట్లు (మన ఊళ్ళో బటన్ అంటామే) 23 డిగ్రీల వాలుండాలా, 45 డిగ్రీలుండాలా అన్న గొడవలోకి నేను దిగను. సెకండ్ హ్యాండ్ టైరుకు గట్లు ఎత్తుగా ఉన్నాయని మురిసిపోవద్దు. సైడ్‌వాల్ చూడండి. తక్కువ గాలితో లాగేటప్పుడు మడతపడేది అదే, పగుళ్ళున్నది అక్కడే చీలుతుంది.

మిగతావి గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

టైరు రిమ్ మీద ఉండగా రిమ్‌కు వెల్డింగ్ పెట్టొద్దు. గాలి తీసేశాను కదా అనొద్దు, వేడికి లోపలి రబ్బరు వాయువులు వదిలి బాంబులా పేలుతుంది.

బీడ్ (రిమ్ మీద కూర్చునే టైరు అంచు) కూర్చోబెట్టడానికి గాలి 35 పీఎస్ఐ దాటొద్దు. కూర్చోకపోతే గాలి తీసి, సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ మొదలుపెట్టండి.

బీడ్ కూర్చోవడానికి ఈథర్ కొట్టి నిప్పంటించే వీడియోలు చూసి బుర్ర పాడుచేసుకోవద్దు.

టైరు లోపల బరువు కోసం పోసిన కాల్షియం క్లోరైడ్ నీళ్ళుంటే తీసేయండి. రిమ్‌ను తినేస్తుంది.

టైరు మీద, రిమ్ మీద కలిపి ఒక సుద్ద గీత గీయండి. లాగాక గీత విడిపోయిందంటే టైరు రిమ్ మీద జారుతోందని లెక్క, ట్యూబు వాల్వు తెగుతుంది.

వెనక నిలబడి చూస్తే గట్ల ముక్కు పైకి ఉండాలి.

కుడి ఎడమ టైర్ల చుట్టుకొలత ఒకటేనా అని టేపుతో చూడండి.

గొలుసు డ్రాబారుకే. ఇరుసుకు కాదు. టాప్ లింకుకు (పనిముట్లు తగిలించే పై కడ్డీ) అసలే కాదు.

చెట్టు మొద్దుకు కట్టి బలం చూడొద్దు.

ఒంటరిగా ప్రాక్టీసు వద్దు.

ముందు చక్రాలు లేచాయా, క్లచ్ తొక్కండి. జనం చప్పట్లు కొడుతున్నా సరే.

టైరు మార్చారా, హిచ్ కొలవండి. స్నేహితుడి దగ్గర ఒక్క పూటకు అరువు తెచ్చిన టైరైనా కొలవండి. టేపు టూల్‌బాక్సులో కాదు, జేబులో పెట్టుకోండి.