ఒకే తెర కొనేటప్పుడు: ఇంటికి టీవీ మేలా, మానిటర్ మేలా?

పగలు కంప్యూటర్ పనికీ, రాత్రి సీరియళ్లకూ క్రికెట్‌కూ ఒకే తెర సరిపోతుందా అన్న ప్రశ్న హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో చిన్న ఫ్లాట్లలో ఉండే కుటుంబాలకు తరచూ ఎదురవుతుంది. టీవీలోనూ మానిటర్‌లోనూ ఉండేది దాదాపు ఒకే రకం ఎల్‌సీడీ ప్యానెల్ కాబట్టి ఏది చౌకగా దొరికితే అది కొంటే చాలని అనిపించడం సహజమే. అయితే టీవీని దూరం నుంచి చూసే బొమ్మ కోసం తయారు చేస్తారు, మానిటర్‌ను దగ్గర నుంచి చదివే అక్షరం కోసం తయారు చేస్తారు. వాటి మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి. అందువల్ల ధర కన్నా ముందు, తెరకూ కంటికీ మధ్య ఎన్ని అడుగులు ఉంటాయో టేపు పెట్టి కొలుచుకోవాలి.

రెండు అడుగుల లోతున్న మామూలు రాతబల్ల దగ్గర కూర్చుంటే 24 లేదా 27 అంగుళాల తెర మొత్తం మెడ తిప్పకుండానే కనిపిస్తుంది. అదే బల్ల మీద 43 అంగుళాల టీవీ పెడితే దాని వెడల్పే మూడు అడుగులు దాటుతుంది కాబట్టి, ఎడమ మూల నుంచి కుడి మూలకు చూపుతో పాటు తల కూడా తిరగవలసి వస్తుంది. సోఫాలో కూర్చుని చూసే సందర్భంలో లెక్క తలకిందులవుతుంది. సుమారు ఆరు అడుగుల దూరానికి 43 అంగుళాలు, ఏడెనిమిది అడుగులకు 55 అంగుళాలు హాయిగా ఉంటాయి. అంత దూరం నుంచి 24 అంగుళాల మానిటర్ మీద క్రికెట్ స్కోరు చదవడం పెద్దవారికి శ్రమే.

దూరం తేలిన తరువాత చూడవలసింది పిక్సెళ్ల సాంద్రత, అంటే బొమ్మను కూర్చే చిన్న చుక్కలు అంగుళానికి ఎన్ని ఉన్నాయన్నది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు, 27 అంగుళాల 1440పీ (నిలువుగా 1440 పిక్సెళ్లున్న) మానిటర్‌లో సుమారు 109 ఉంటాయి. తక్కువ ధరకు దొరికే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో ఉండేవి అడ్డంగా 1366, నిలువుగా 768 మాత్రమే, అంటే అంగుళానికి 49. మంచం మీద నుంచి సినిమా చూసేవారికి ఈ లోటు పెద్దగా తెలియదు కానీ, రెండు అడుగుల దూరంలో కూర్చుని ఎక్సెల్ పట్టికనో, ఒత్తులూ గుణింతాలూ కిక్కిరిసిన తెలుగు పీడీఎఫ్‌నో చదవబోతే అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. పిల్లల ఆన్‌లైన్ చదువుకు పనికొస్తుందని చెప్పి ఇలాంటి టీవీని అంటగట్టే అమ్మకందారులు ఉన్నారు. ఆ పని కోసమే కొనేవారికి ఇంతకన్నా తప్పు ఎంపిక మరొకటి లేదని నా అభిప్రాయం.

43 అంగుళాల 4కే (అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లున్న) టీవీ సంగతి వేరు. అందులో అంగుళానికి సుమారు 102 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి, మూడు అడుగులు వెనక్కి జరిగి కూర్చోగలిగితే, లేదా టీవీని గోడకు బిగించి బల్లను దానికి కాస్త ఎడంగా వేసుకోగలిగితే, అది చాలా పెద్ద మానిటర్‌గా పనిచేస్తుంది. కాకపోతే కొనే ముందే కొన్ని విషయాలు సరిచూసుకోవాలి. మొదటిది కంప్యూటర్ నుంచి వచ్చే సంకేతం. బొమ్మనూ శబ్దాన్నీ ఒకే కేబుల్‌లో పంపేది హెచ్‌డీఎంఐ పోర్టు. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే దాని 1.4 రకం 4కే చిత్రాన్ని సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. దానివల్ల మౌస్ బాణం తెర మీద ఆగి ఆగి కదులుతున్నట్టు అనిపిస్తుంది. 60 సార్లు రావాలంటే ల్యాప్‌టాప్‌లోనూ టీవీలోనూ హెచ్‌డీఎంఐ 2.0 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండాలి, కేబుల్ కూడా దానికి తగినదై ఉండాలి. రెండవది రంగుల సమాచారం. సినిమాలకు రంగు వివరాలను కుదించి పంపినా కంటికి తెలియదు కాబట్టి చాలా టీవీలు అదే పద్ధతిని కంప్యూటర్ చిత్రానికీ వర్తింపజేస్తాయి, అప్పుడు నల్లటి నేపథ్యం మీద ఎర్రటి అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. దీనికి విరుగుడు చాలా టీవీల సెట్టింగుల్లోనే ఉంటుంది: హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చాలి, ఆ పోర్టుకు పూర్తి రంగు సమాచారాన్ని అనుమతించే ఎంపికను ఆన్ చేయాలి, చిత్రం అంచులు కత్తిరించినట్టు కనిపిస్తే ఓవర్‌స్కాన్‌ను ఆపివేయాలి. కొన్ని చవక రకాల టీవీల్లో ఈ ఎంపికలు ఉండవు.

చిత్రాన్ని మెరుగుపరిచే పేరుతో టీవీ చేసే లోపలి లెక్కల వల్ల మౌస్ కదలికకూ తెర మీది కదలికకూ మధ్య కొంత ఆలస్యం కూడా ఏర్పడుతుంది. గేమ్ మోడ్ పెడితే అది బాగా తగ్గుతుంది. కంప్యూటర్ నిద్రలోకి వెళితే మానిటర్ తానూ ఆరిపోయి, కీబోర్డు తాకగానే మళ్లీ వెలుగుతుంది. టీవీ మాత్రం సంకేతం లేదన్న సందేశాన్ని చూపుతూ రిమోట్ కోసం ఎదురుచూస్తుంది. ఇది చిన్న విషయమే అయినా రోజుకు పదిసార్లు జరిగేది. ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే రకం) టీవీని కంప్యూటర్ పనికి వాడదలచినవారు, అడుగున కదలకుండా ఉండే టాస్క్‌బార్ వంటివి గంటల తరబడి అలాగే నిలిస్తే కాలక్రమేణా తెర మీద వాటి మచ్చ మిగిలే ప్రమాదం ఉందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం: మానిటర్ కొని దాన్నే టీవీగా వాడుకోవచ్చునా? వాడుకోవచ్చు, కానీ ఇక్కడి చిక్కులు చాలామందికి ఇంటికి తెచ్చాకే తెలుస్తాయి. మానిటర్‌లో చానళ్లను అందుకునే ట్యూనర్ ఉండదు కాబట్టి డీటీహెచ్ లేదా కేబుల్ సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి, ఆ బాక్స్‌లో హెచ్‌డీఎంఐ పోర్టు ఉండాలి. ఎరుపు, తెలుపు, పసుపు తీగలు మాత్రమే ఉన్న పాత బాక్స్‌ను నేరుగా తగిలించడానికి మానిటర్‌లో చోటే ఉండదు. హెచ్‌డీఎంఐ ఉన్నా మరో మెలిక ఉంది. మన దేశంలో టీవీ ప్రసారాలు సెకనుకు 50 చొప్పున సాగే పద్ధతికి చెందినవి, హెచ్‌డీ చానళ్లు సాధారణంగా 1080ఐ రూపంలో వస్తాయి. ఈ రూపంలో ఒక్కో విడతకు సగం గీతలే వస్తాయి, రెండు సగాలను నేర్పుగా కలపడం టీవీకి పుట్టుకతో వచ్చిన విద్య. కంప్యూటర్‌కు తగ్గట్టు 60 విడతలకు అలవాటు పడిన కొన్ని మానిటర్లు ఈ సంకేతాన్ని తీసుకోవు, తీసుకున్నా పరుగెత్తే బంతి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపించవచ్చు. అలాంటప్పుడు బాక్స్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను, సగాలుగా కాక పూర్తి చిత్రంగా పంపే 1080పీకి గానీ 720పీకి గానీ మార్చి చూడాలి, చాలాసార్లు సమస్య అక్కడితో తీరుతుంది.

శబ్దం మరో విషయం. చాలా మానిటర్లలో స్పీకర్లు ఉండవు, ఉన్నవాటి గొంతు వంటింట్లో కుక్కర్ కూతను దాటి రాదు. హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చిన శబ్దాన్ని బయటి స్పీకర్లకు ఇవ్వడానికి మానిటర్ వెనుక హెడ్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో కొనే ముందే చూడాలి. లేకపోతే ఓటీటీ కోసం హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించిన స్టిక్ (యాప్‌లు నడిపే చిన్న పరికరం) నుంచి బొమ్మ వస్తుంది కానీ మాట వినిపించదు, కొందరు స్టిక్‌కు బ్లూటూత్ స్పీకర్‌ను జతచేసి ఈ లోటు పూడ్చుకుంటారు. 4కే సినిమాలు చూడదలచినవారు మానిటర్ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ నిరోధక పద్ధతిని అంగీకరిస్తుందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి. యాప్‌లూ రిమోటూ స్పీకర్లూ కలిపి స్మార్ట్ మానిటర్ల పేరుతో వస్తున్నవి ఈ ఇబ్బందుల్లో చాలావాటిని తప్పిస్తాయి. ఓటీటీ తప్ప చానళ్లు చూడని ఇంటికి అవి నిజంగా మంచి మధ్యేమార్గం.

నలుగురూ కలిసి చూసే ఇంట్లో పక్క నుంచి ఎలా కనిపిస్తుందన్నది కూడా ముఖ్యం. ఎల్‌సీడీ ప్యానెళ్లలో ఐపీఎస్, వీఏ అనేవి రెండు ముఖ్యమైన రకాలు. ఐపీఎస్ ప్యానెల్ పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు కానీ, దీపాలు ఆర్పినప్పుడు దాని నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది కానీ చివరన కూర్చున్నవారికి రంగులు వెలిసినట్టు అనిపిస్తాయి. మానిటర్‌లోనైనా టీవీలోనైనా ఈ ఇచ్చిపుచ్చుకోలు ఒకటే.

ఖర్చు విషయంలో పెద్ద చిక్కుముడులు లేవు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకూ మానిటర్లకూ జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, పన్ను కోసం 32 అంగుళాల దగ్గరే ఆగిపోవలసిన అవసరం ఇప్పుడు లేదు. 24 అంగుళాల మానిటర్ సుమారు 20 వాట్లతో నడిస్తే 43 అంగుళాల 4కే టీవీ దానికి మూడు నాలుగు రెట్లు తీసుకుంటుంది. కరెంటు తరచూ పోయే ఊళ్లో ఇన్వర్టర్ మీద పని చేసుకునేవారికి ఈ తేడా లెక్కలోకి వస్తుంది. వారంటీ చాలా మానిటర్లకు మూడేళ్లు, చాలా టీవీలకు ఏడాది ఉంటుంది.

రోజుకు నాలుగైదు గంటలు చదవడం, రాయడం, కోడింగ్ వంటి పనులు ఉన్నవారు మానిటరే కొనాలని, సాయంత్రం వినోదానికి దానికే ఒక స్టిక్ తగిలించుకోవాలని నేను సలహా ఇస్తాను. ఇంట్లో పెద్దవారు చానళ్లు చూసేవారై, కంప్యూటర్ అవసరం ఎప్పుడో బిల్లు కట్టడానికో ఫోటోలు చూడటానికో మాత్రమే అయితే టీవీయే సరైనది, అప్పుడు అక్షరాలను విండోస్‌లో 200 శాతానికి పెంచుకుంటే సోఫా నుంచే చదవవచ్చు. రెండు పనులూ సమానంగా ఉండి, మూడు అడుగుల దూరం దొరికే గది ఉంటేనే 43 అంగుళాల 4కే టీవీ జోలికి వెళ్లాలి. షోరూముకు వెళ్లేటప్పుడు సొంత ల్యాప్‌టాప్‌నూ కేబుల్‌నూ వెంట తీసుకెళ్లి, కళ్లు మిరుమిట్లు గొలిపే డెమో వీడియోను ఆపమని అడిగి, నలుపు మీద ఎర్రటి చిన్న అక్షరాలున్న ఒక పేజీని, ఆ తరువాత ఒక తెలుగు దినపత్రిక ఈ-పేపర్‌ను తెరిచి, ఇంట్లో కొలిచిన దూరంలోనే నిలబడి చదివి చూడాలి.