పిడి ఊడని కత్తి కావాలంటే

గుమ్మడికాయ కోస్తుండగా పిడి వదులై కత్తి చేతిలో తిరిగిపోవడం మా ఇంట్లో రెండుసార్లు జరిగింది. అప్పటి నుంచి కొనేముందు పదునుకన్నా ముందు పిడి చూస్తున్నాను. కత్తిని మొండి వైపు పైకి వచ్చేలా పట్టుకోండి. పిడి రెండు చెక్కల మధ్య ఉక్కు గీత చివరిదాకా కనిపించాలి, కనీసం 2 రివెట్లు (చెక్కలను ఉక్కుకు బిగించే లోహపు మేకులు) ఉండాలి. వాటి మీద గోరు నడిపితే ఎక్కడా తట్టుకోకూడదు. సందు ఉంటే నీరు చేరి లోపల తుప్పు పడుతుంది. మడత కత్తి అయితే పూర్తిగా తెరిచి, మొండి వైపు పట్టుకుని అటూ ఇటూ కదపండి. కొంచెం ఊగినా తీసుకోవద్దు.

పిడి మొత్తం ప్లాస్టిక్‌తో పోతపోసినదైతే ఈ పరీక్ష పనికిరాదు, ఉక్కు ఎంత లోపలికి వెళ్ళిందో బయటికి తెలియదు. అలాంటిది టమాటా, వంకాయల వరకే వాడండి.