ఫాగ్ లైట్లు మారుస్తున్నారా? బల్బు కొనేముందు ఇది చూసుకోండి

బంపర్ కింద ఫాగ్ లైట్లకి ఎల్ఈడీ వేస్తే బండికి కళ వస్తుంది, నిజమే. కానీ హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (వెలుగుని ముందుకి మళ్లించే అద్దం లాంటి గిన్నె) ఉత్త ఎల్ఈడీ బల్బు దూర్చితే వెలుగు చెదిరిపోయి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. రోడ్డు మీద మాత్రం పెద్దగా పడదు. డబ్బులు పెట్టేదేదో ప్రొజెక్టర్ లెన్స్ ఉన్న పూర్తి సెట్‌కే పెట్టండి. వెలుగు పైఅంచు గీత గీసినట్టు తెగుతుంది, చూడ్డానికీ అదే అందం.

పాత బల్బు అడుగున నంబరు చదవండి. హెచ్16 అంటే 19 వాట్లే. అక్కడ 55 వాట్ల హెచ్11 పెడితే వేడికి ప్లాస్టిక్ కరిగిపోవచ్చు. కొందరు బల్బు సాకెట్‌లో పట్టేందుకు దాని చెవులు (అంచున ఉండే చిన్న పలకలు) కోసి మరీ బిగిస్తారు, దయచేసి ఆ పని చేయించకండి. వాట్లు పెంచి తీరాలంటే వేడి తట్టుకునే గాజు లెన్స్ సెట్, విడిగా రిలే (ఎక్కువ కరెంటుని నడిపే స్విచ్), ఫ్యూజు ఉండాల్సిందే.

బిగించాక 25 అడుగుల దూరంలో గోడకి ఎదురుగా బండి ఆపండి. వెలుగు పైఅంచు లైటు మధ్యభాగం ఎత్తు కన్నా 4 అంగుళాలు కిందకి ఉండాలి. చాలా లైట్లకి వెనక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే సరిపోతుంది.